గౌట్: నొప్పి లేని రోజుల్లో చేయాల్సిన వైద్యం

(పెన్షనర్ల సమావేశంలో ఒక కీళ్లవాత వైద్య నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎండ ఇంకా తగ్గలేదు, అయినా ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం.

ముందుగా ఒక్కసారి చేతులెత్తండి. ఈ హాల్లో ఎంతమందికి రక్తపరీక్షలో "యూరిక్ యాసిడ్ ఎక్కువ" అని వచ్చింది? చాలామందే ఉన్నారు. సరే, ఇప్పుడు ఆ చేతుల్లో, ఎప్పుడైనా రాత్రికి రాత్రి కీలు వాచి అడుగు తీసి అడుగు వేయలేకపోయినవాళ్లు మాత్రం అలాగే ఉంచండి, మిగతావాళ్లు దించేయండి. చూశారా, ఎంత కొద్ది చేతులు మిగిలాయో! రిపోర్టులో అంకె ఎక్కువ ఉండటం వేరు, గౌట్ అనే జబ్బు ఉండటం వేరు. ఈ తేడా తెలియక రెండు రకాలుగా నష్టపోతున్నాం. జబ్బు లేనివాళ్లు అనవసరంగా మందులు మింగుతున్నారు, పప్పూ టమాటా మానేస్తున్నారు. జబ్బు ఉన్నవాళ్లేమో ఏళ్ల తరబడి నొప్పి బిళ్ళలతో నెట్టుకొస్తూ కీళ్లూ కిడ్నీలూ రెండూ పోగొట్టుకుంటున్నారు. నాకు ఎక్కువ బాధ ఈ రెండోవాళ్లను చూస్తేనే. ఎందుకంటే కీళ్లవాతాలన్నిటిలోనూ కారణం ఇంత స్పష్టంగా తెలిసినదీ, ఇంత చక్కగా లొంగేదీ ఇంకొకటి లేదు.

గౌట్ ఎలా వస్తుందో చెబుతాను. పడుకునేటప్పుడు మనిషి బాగానే ఉంటాడు. ఏ రెండు గంటలకో కాలి బొటనవేలి మొదట్లో సలుపు మొదలవుతుంది. తెల్లారేసరికి అక్కడ ఎర్రగా కమిలి, వాచి, చర్మం బిగుసుకుపోయి మెరుస్తూ ఉంటుంది. దుప్పటి అంచు తగిలినా కేక పెడతారు. బస్తా ధాన్యం భుజాన వేసుకుని నడిచే మనిషి, ఒక కాలికి చెప్పు వేసుకుని ఇంకో చెప్పు చేత్తో పట్టుకుని, గోడ పట్టుకుంటూ నా గదిలోకి వస్తాడు. సగం మందికి పైగా మొదటి దాడి ఈ బొటనవేలి దగ్గరే. తర్వాతర్వాత చీలమండ, మోకాలు, మణికట్టు, మోచేయి, ఏదైనా కావచ్చు.

ఇంత నొప్పీ మందు వేసినా వేయకపోయినా వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. మనిషి మళ్లీ మామూలుగా నడుస్తాడు. అందుకే ఆ వారంలో ఏ పసరు కట్టినా, ఏ తాయెత్తు కట్టినా దానికే పేరొస్తుంది. రెండో దాడి ఆరు నెలలకో రెండేళ్లకో వస్తుంది. తర్వాత మధ్యలో ఎడం తగ్గుతూ వస్తుంది. నొప్పి లేని ఆ రోజుల్లో జబ్బు నిద్రపోతోందనుకుంటాం. లోపల కీలులో పేరుకునేది పేరుకుంటూనే ఉంటుంది.

ఏమిటి పేరుకునేది? మన ఒంట్లో ప్రతి కణంలోనూ ప్యూరిన్లనే పదార్థాలు ఉంటాయి. పాత కణాలు పోయి కొత్తవి వస్తున్నప్పుడు ఈ ప్యూరిన్లు విరిగి చివరికి యూరిక్ యాసిడ్‌గా మారతాయి. ఒంట్లో తయారయ్యే యూరిక్ యాసిడ్‌లో దాదాపు మూడింట రెండు వంతులు ఇలా మన సొంత కణాల నుంచి వచ్చేదే, తిండి నుంచి వచ్చేది మిగతా ఒక వంతు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తిండి సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది. బయటికి పోయేదాంట్లో కూడా మూడింట రెండు వంతులు మూత్రంలో, ఒక వంతు పేగుల ద్వారా పోతుంది. ఆవుకూ మేకకూ యూరిక్ యాసిడ్‌ను ఇంకా విరగ్గొట్టే యూరికేజ్ అనే ఎంజైమ్ ఉంది. మన పూర్వజాతుల్లో అది కోటి ఏళ్ల కిందటే పనిచేయడం మానేసింది. అందుకే మనకీ చింపాంజీ లాంటి వానరాలకీ రక్తంలో యూరిక్ యాసిడ్ మిగతా జంతువుల కంటే చాలా ఎక్కువ.

డెసిలీటరు రక్తంలో 6.8 మిల్లీగ్రాముల దాకా అది కరిగి ఉండగలదు. అది దాటితే, ముదురు పాకం చల్లారినప్పుడు గిన్నె అంచున పలుకులు కట్టినట్టు, కీళ్లలో సన్నటి స్ఫటికాలు కట్టడం మొదలవుతుంది. పాదం ఒంట్లో మిగతా భాగాల కంటే చల్లగా ఉంటుంది, రాత్రిపూట ఇంకా చల్లబడుతుంది. బొటనవేలినే, అదీ రాత్రిపూటే ఇది ఎక్కువగా పట్టుకోవడానికి అదొక కారణమని అనుకుంటున్నాం. ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉన్న ఆ స్ఫటికాలను ఒకరోజు తెల్ల రక్తకణాలు శత్రువనుకుని మీద పడతాయి. ఆ యుద్ధమే మీకు తెలిసే నొప్పి.

ఈ సంగతి ఎలా తెలిసిందన్నది నాకు చాలా ఇష్టమైన కథ. 1679లో హాలండ్‌లో లీవెన్‌హుక్ గౌట్ గడ్డలోంచి తీసిన సుద్ద లాంటి పదార్థాన్ని తను తయారుచేసిన సూక్ష్మదర్శినిలో పెట్టి చూసి, సన్నటి సూదుల్లాంటివి ఉన్నాయని రాశాడు. అవేమిటో ఆయనకు తెలియదు. 1776లో స్వీడన్‌లో షీలే మూత్రపిండాల రాళ్లలో యూరిక్ యాసిడ్‌ను కనిపెట్టాడు. లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ గారడ్ అనే డాక్టరు 1854లో ఒక పరీక్ష చెప్పాడు. గౌట్ రోగి రక్తం నుంచి తీసిన సీరంలో కాస్త ఎసిటిక్ యాసిడ్ కలిపి, గాజు పళ్లెంలో పోసి, అందులో ఒక నూలు పోగు వేసి ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచాలి. యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉంటే పోగు చుట్టూ స్ఫటికాలు కడతాయి. ఒక పోగుతో, ఒక పళ్లెంతో ఒక జబ్బు మూలం పట్టుకున్నారు. ఆ తర్వాత 1961లో అమెరికాలో మెకార్టీ, హాలండర్ అనే ఇద్దరు కీలు నీటిలోనే ఈ స్ఫటికాలను ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినితో చూపించారు.

ఈరోజుకీ గౌట్‌ను కచ్చితంగా తేల్చేది ఆ పరీక్షే. వాచిన కీలులోంచి సన్నటి సూదితో ఒక చుక్క నీరు తీసినా చాలు, గాజు పలక మీద వేసి వెంటనే చూస్తాం. చీకటి తెర మీద మెరిసే సూదులు కనిపిస్తాయి. కొన్ని సూదులు ఏకంగా తెల్ల రక్తకణాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు గుచ్చుకుని ఉంటాయి. సూది ఒక వైపు వాలితే పసుపు రంగులో, దానికి అడ్డంగా ఉంటే నీలం రంగులో కనిపిస్తుంది. ఒక్కోసారి రోగిని కూడా పిలిచి చూపిస్తాను. "ఇదా తల్లీ నన్ను ఇంత ఏడిపించింది!" అని అరగంట సేపు కన్ను తీయని పెద్దాయన ఉన్నారు. అలా చూసినవాళ్లు మందు మానరు. అన్ని ఊళ్లలో ఈ సౌకర్యం ఉండదు, నిజమే. అప్పుడు దాడి వచ్చిన తీరు, రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ అన్నీ కలిపి చూసి నిర్ణయిస్తాం. ఒక ముఖ్యమైన విషయం: దాడి జరుగుతున్న రోజుల్లో రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగా కనిపించవచ్చు. "రిపోర్టు నార్మల్, గౌట్ కాదు" అని అక్కడితో వదిలేయకుండా, తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ చేయించాలి.

ఇక ఎవరికి వస్తుంది? పూర్వం దీన్ని రాజుల జబ్బు అన్నారు. ఐరోపాను ఏలిన అయిదో చార్లెస్ చక్రవర్తి చిటికెనవేలు ఇంకా భద్రంగా ఉంటే, దాన్ని పరీక్షించి యూరేట్, అంటే యూరిక్ యాసిడ్ లవణం, స్ఫటికాలున్నాయని 2006లో ప్రచురించారు. మన చరక సంహితలో కూడా గౌట్‌ను పోలిన వాతరక్తానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది, సుఖంగా కూర్చుని తినేవాళ్లకు వచ్చేదని అందులో చెప్పారు. ఈ పేరు వల్ల రోగులకు ఎంత అన్యాయం జరిగిందో చెప్పలేను. "తాగుతాడు, మాంసం తింటాడు, అనుభవిస్తున్నాడు" అని ఇంట్లోవాళ్లే దెప్పుతారు. సిగ్గుపడి డాక్టరు దగ్గరికి రారు. చుక్క ముట్టని, ముక్క ముట్టని మనిషికి వస్తే "నీకెలా వచ్చింది?" అని అనుమానంగా చూస్తారు.

అసలు విషయం ఏమిటంటే గౌట్ ఉన్నవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి సమస్య యూరిక్ యాసిడ్ ఎక్కువ తయారవడం కాదు, కిడ్నీలు దాన్ని సరిగ్గా బయటికి పంపకపోవడం. అది చాలావరకు పుట్టుకతో వచ్చిన లక్షణం. అమెరికాలో ఐరోపా సంతతివాళ్లు 16 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనాలను కలిపి 2018లో లెక్క వేశారు. మనిషికీ మనిషికీ యూరిక్ యాసిడ్‌లో ఉండే తేడాలో జన్యువుల వాటా దాదాపు నాలుగోవంతు వచ్చింది. ఏ ఒక్క తిండి పదార్థం వాటా కూడా ఒక శాతం దాటలేదు. కాబట్టి దయచేసి రోగిని నిందించకండి.

మగవాళ్లలో ముప్పయి దాటాక ఎప్పుడైనా రావచ్చు. ఆడవాళ్లకు నెలసరి ఉన్నంతకాలం ఈస్ట్రోజెన్ హార్మోను యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపడంలో సాయపడుతుంది, అందుకే అప్పటిదాకా చాలా అరుదు. నెలసరి ఆగాక మాత్రం ఆ రక్షణ పోతుంది. ఈ సంగతి రెండు వేల ఏళ్లకు ముందే గ్రీకు వైద్యుడు హిపోక్రటిస్ గమనించాడు. అరవై దాటిన అమ్మమ్మకు చేతివేళ్లు వాస్తే అరుగుదల అని తేల్చేస్తాం. ఆమెకు బీపీ ఉండి, మూత్రం ఎక్కువ పోయే మందు వాడుతుంటే గౌట్ కూడా ఆలోచించాలి. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, ఫ్రూసమైడ్ లాంటి మందులు యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. బీపీ మాత్రల పేర్ల చివర హెచ్ అనే అక్షరం ఉంటే చాలావాటిలో ఈ మొదటిది ఉంటుంది. అలాగని రేపు పొద్దున మాత్ర మానేయకండి! డాక్టరును అడగండి, అవసరమైతే లోసార్టాన్ లాంటి, యూరిక్ యాసిడ్‌ను కాస్త తగ్గించే బీపీ మందుకు మార్చవచ్చు. టీబీ చికిత్సలో వాడే పైరజినమైడ్ కూడా పెంచుతుంది. టీబీ మందు ఆపకూడదు, కీళ్ల నొప్పి మొదలైందని చెబితే అక్కడే చూసుకుంటారు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. యూరిక్ యాసిడ్ పోయేది ముఖ్యంగా ఆ దారినే కాబట్టి వాళ్లకు గౌట్ ఎక్కువ వస్తుంది. మనకు శ్రీకాకుళం వైపు ఉద్దానం ప్రాంతం ఉండనే ఉంది. గల్ఫ్‌కు వెళ్లిన మన పిల్లలు ఎర్రటి ఎండలో చాలినన్ని నీళ్లు లేకుండా పనిచేస్తారు. నీళ్లు తగ్గితే యూరిక్ యాసిడ్ చిక్కబడుతుంది, కిడ్నీకీ దెబ్బే. వాళ్లకు నొప్పి వస్తే చేతికందేది డైక్లోఫెనాక్ బిళ్ళ. పాడైన కిడ్నీ మీద ఆ బిళ్ళలు వరసగా పడితే మిగిలిన కాస్తా పోతుంది. ఈ ఒక్క మాట మీ ఇళ్లలో ఎవరికైనా చేరితే చాలు.

దాడి వచ్చినప్పుడు ఏం చేయాలంటే, మొదట కాలు ఎత్తులో పెట్టుకుని పడుకోండి. కాపడం వద్దు, నూనె పెట్టి మర్దనా అసలే వద్దు. మనవాళ్లు ప్రేమ కొద్దీ ఈ రెండే ముందు చేస్తారు. గుడ్డలో మంచు ముక్కలు చుట్టి పావుగంట పెట్టండి, హాయిగా ఉంటుంది. మందుల్లో మూడు దారులున్నాయి: కిడ్నీ, కడుపు, గుండె బాగున్నవాళ్లకు నాప్రోక్సెన్ లాంటి నొప్పి మందు కొన్ని రోజులు, లేదా కోల్చిసిన్, లేదా కొద్దిరోజుల స్టెరాయిడ్ మాత్రలు, ఒక్క కీలే అయితే ఆ కీలులోనే ఇంజెక్షన్. ఏది ఎవరికన్నది డాక్టరు చూసుకుంటారు. ఏదైనా మొదటి పన్నెండు గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

కోల్చిసిన్ చాలా పాత మందు, మొక్క నుంచి వచ్చింది. మన అడవుల్లో, కంచెల్లో ఎర్రగా పసుపుగా మంటల్లా పూసే అగ్నిశిఖ ఉంది కదా, దాంట్లోనూ ఈ పదార్థం ఉంది, తమిళనాడులో దాని గింజల కోసమే సాగుచేస్తారు. కానీ ఆ దుంప విషం, ఇంట్లో నూరుకుని తాగేది కాదు. మాత్రను కూడా పూర్వం వాంతులు, విరేచనాలు అయ్యేదాకా గంటగంటకూ ఇచ్చేవాళ్లు. అంత అవసరం లేదని, తక్కువ మోతాదు కూడా అంతే పనిచేస్తుందని 2010లో వచ్చిన ఒక పరీక్షతో తేలిపోయింది.

ఇంతవరకూ చెప్పింది మంట ఆర్పడం గురించే. చాలామంది వైద్యం ఇక్కడితో ఆగిపోతుంది. ఊళ్లో ఒక ఇంజెక్షన్, రెండు రోజుల బిళ్ళలు, మళ్లీ పనిలోకి. అలా పదేళ్లు గడిస్తే మోచేతి మీద, వేళ్ల కణుపుల మీద, చెవి అంచున గడ్డలు లేస్తాయి. అందులో ఉండేది చీము కాదు, సుద్ద లాంటి యూరేట్. ఎముకను తినేస్తుంది. ఆ స్థితికి ఎవరూ రావాల్సిన అవసరం లేదు.

దీనికి మందు 1966 నుంచి ఉంది, అల్లోప్యూరినాల్. గెర్‌ట్రూడ్ ఎలియన్ అనే శాస్త్రవేత్త, జార్జ్ హిచింగ్స్ బృందం తయారుచేసింది. రక్త క్యాన్సర్ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలవాలని వెతుకుతుంటే దొరికిన మందు, యూరిక్ యాసిడ్ తయారీనే తగ్గిస్తుందని బయటపడింది. ఎలియన్ పీహెచ్‌డీ పూర్తిచేయని మనిషి. 1988లో ఆమెకు, హిచింగ్స్‌కు నోబెల్ వచ్చింది. కోట్లమంది వాడిన ఆ మాత్ర ఈరోజు చాలా చవక.

వాడే పద్ధతే సరిగ్గా జరగడం లేదు. రోజుకు 100 మిల్లీగ్రాములతో, కిడ్నీ బాగోలేకపోతే ఇంకా తక్కువతో మొదలుపెట్టి, కొన్ని వారాలకోసారి రక్తపరీక్ష చేస్తూ కొద్దికొద్దిగా పెంచాలి. యూరిక్ యాసిడ్ 6 కంటే కిందికి వచ్చేదాకా పెంచాలి. గడ్డలుంటే 5 కంటే కిందికి. కొందరికి 100 చాలు, కొందరికి 300, ఇంకొందరికి అంతకన్నా ఎక్కువ. "100 వేసుకుంటున్నాను డాక్టరుగారూ, అయినా నొప్పి వస్తోంది" అంటారు. పరీక్ష చేస్తే 8.5 ఉంటుంది. మందు పనిచేయక కాదు, మోతాదు చాలక.

ఇంకో చిక్కు. మందు మొదలుపెట్టిన తొలి నెలల్లో దాడులు ఎక్కువ కావచ్చు. పాత స్ఫటికాలు కరుగుతూ కదులుతాయి కాబట్టి. "ఈ మందు పడలేదు" అని నూటికి ఎనభై మంది ఇక్కడే ఆపేస్తారేమో అనిపిస్తుంది నాకు. అందుకే మొదటి మూడు నుంచి ఆరు నెలలు చిన్న మోతాదు కోల్చిసిన్ కూడా పక్కన ఇస్తాం. దాడి వచ్చినా అల్లోప్యూరినాల్ ఆపకూడదు. ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపితే నొప్పులు పెరుగుతూనే ఉంటాయి. పట్టు వదలకుండా 6 కింద ఉంచితే ఏడాది రెండేళ్లలో దాడులు ఆగిపోతాయి, గడ్డలు కూడా మెల్లగా కరిగిపోతాయి. తర్వాత కూడా మందు సాగించాలి, బీపీ మందులాగే.

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లో దీని మీద ఒక చక్కటి ప్రయత్నం చేశారు, 2018లో ఫలితాలు వచ్చాయి. ఒక వర్గానికి శిక్షణ పొందిన నర్సులు జబ్బు గురించి ఓపిగ్గా వివరించి, మోతాదు పెంచుతూ వెంట ఉన్నారు. ఇంకో వర్గం మామూలుగా తమ డాక్టర్ల దగ్గరే వాడారు. రెండేళ్ల తర్వాత నర్సుల వర్గంలో నూటికి 95 మంది లక్ష్యం చేరారు, రెండో వర్గంలో 30 మంది. మందులు అవే! కూర్చుని చెప్పినవాళ్లు ఉన్నారు, అంతే తేడా. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ చూస్తున్న నర్సులు ఈ పని ఎంతో బాగా చేయగలరు. చేయనివ్వాలని నేను కోరుకుంటున్నాను.

జాగ్రత్త ఒకటి: అల్లోప్యూరినాల్ మొదలుపెట్టాక ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం వస్తే ఆ క్షణమే ఆపి ఆసుపత్రికి రావాలి. అరుదు, కానీ ప్రాణాంతకం. రోగనిరోధక శక్తిని అణచే అజాథయోప్రిన్ అనే మందు వాడేవాళ్లు ముందే చెప్పాలి, ఆ రెండూ కలిస్తే ప్రమాదం. అల్లోప్యూరినాల్ పడనివాళ్లకు ఫెబుక్సోస్టాట్ ఉంది. గుండె జబ్బు ఉన్నవాళ్లలో దాని గురించి 2018లో ఒక అధ్యయనం భయపెట్టింది, 2020లో ఇంకొకటి ఆ ప్రమాదం కనపడలేదంది. గుండె జబ్బు ఉంటే డాక్టరుతో మాట్లాడుకుని వాడండి.

చీటీలు వచ్చాయి, చదువుతాను.

"నాకు 7.6 ఉంది, ఎప్పుడూ నొప్పి రాలేదు. మందు వాడాలా?" వద్దండీ. అంకె ఎక్కువున్నవాళ్లలో ఎక్కువమందికి గౌట్ ఎప్పటికీ రాదు. బరువు, బీపీ, షుగర్, కిడ్నీ చూసుకోండి.

"పప్పు, పాలకూర, టమాటా మానేయాలా?" ఇది ప్రతిచోటా అడుగుతారు. పప్పులు, కూరగాయల వల్ల గౌట్ పెరగదని పెద్ద అధ్యయనాల్లో తేలింది. హాయిగా పప్పన్నం తినండి, మజ్జిగ బాగా తాగండి, పాలు పెరుగు మేలే చేస్తాయి. తగ్గించాల్సినవి కార్జం, బోటీ, తలకాయ కూర, వేటమాంసం, రొయ్యలు, ఎండుచేపలు. బీరు అన్నిటికన్నా చెడ్డది, మిగతా మద్యం కూడా తక్కువేం కాదు, కల్లుకూ మినహాయింపు లేదు. తియ్యటి కూల్‌డ్రింకులు కూడా పెంచుతాయి, ఈ మాట మనవళ్లకూ చెప్పండి. బరువు తగ్గాలి, కానీ కటిక ఉపవాసాలు చేస్తే యూరిక్ యాసిడ్ పెరిగి దాడి వస్తుంది. ఇవన్నీ చేసినా గౌట్ ఉన్న మనిషికి పథ్యం ఒక్కటే చాలడం అరుదు. పథ్యంతో సరిపెట్టుకుని మందు ఎగ్గొట్టకండి.

చివరి చీటీ. "మా ఆయనకు షుగర్. గౌట్ ఉంది. నిన్నటి నుంచి మోకాలు వాచి చలిజ్వరం వస్తోంది. పాత బిళ్ళలే వేస్తున్నాను, సరేనా?" అమ్మా, ఇది రాసినవాళ్లు దయచేసి ఇక్కడే ఆగండి. వాచిన కీలుకు తోడు చలిజ్వరం ఉంటే కీలులో చీము పట్టి ఉండవచ్చు. గౌట్ ఉన్న కీలుకూ ఆ ఇన్‌ఫెక్షన్ రావచ్చు, షుగర్ ఉంటే ఇంకా సులువుగా వస్తుంది. కొద్దిరోజుల్లో కీలును తినేస్తుంది, రక్తంలోకి పాకుతుంది. రేపటిదాకా ఆగొద్దు. ఈ సాయంత్రమే ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, కీలు నీరు తీసి పరీక్ష చేయమని అడగండి. స్టెరాయిడ్ బిళ్ళ ఏదైనా వేసి ఉంటే ఆ సంగతి కూడా అక్కడ చెప్పండి. నేను కిందికి వస్తున్నాను, ఉత్తరం రాసిస్తాను.